క్రిముల లిపి
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



జహీరాబాదు నుంచి రేడియోలో మాట్లాడడానికి వెళుతున్నానంటే మా పక్కింటావిడ, "అల్లం గురించా, కోహీరు జామకాయల గురించా?" అని అడిగింది. మా ఊరి పేరు చెబితే ఎవరికైనా ముందు అవే గుర్తుకొస్తాయి మరి. కాదమ్మా, డి.ఎన్‌.ఏ. గురించి అన్నాను. "అదా! తండ్రి ఎవరో తేల్చడానికి కోర్టువాళ్ళు చేయించే పరీక్ష. దానికీ మన వంటింటికీ ఏం సంబంధం?" అంది. ఆవిడ అడిగిందాంట్లో తప్పేమీ లేదు. పోయిన ఏడాది దాకా నేనూ అలాగే అనుకున్నాను. మా అత్తగారికి వచ్చిన జ్వరం నాకు ఆ సంబంధం నేర్పింది.

ముందు ఆ జ్వరం కథ చెబుతాను. మా అత్తగారికి డెబ్భై నాలుగేళ్ళు. చలికాలంలో ఒకనాడు ఒళ్ళు వెచ్చబడింది, మూత్రంలో మంట అన్నారు. మన ఇళ్ళల్లో ప్రతి బీరువాలోనూ ఒక బిస్కెట్ల డబ్బా ఉంటుంది చూడండి, బిస్కెట్లు అయిపోయాక మందుల డబ్బాగా మారిపోయినది, మా ఇంట్లోనూ అలాంటిది ఉండేది. అందులో నాలుగు సిప్రోఫ్లోక్సాసిన్‌ మాత్రలు ఉన్నాయి. అంతకుముందు మావారికి కడుపు చెడితే డాక్టరు అయిదు రోజులకు రాశారు. మూడో రోజుకే తగ్గిపోయింది గనక మిగిలినవి నేను భద్రంగా దాచాను. డబ్బు పెట్టి కొన్న వస్తువు పారేయడానికి మనకు చేతులు రావు కదా! ఆ నాలుగూ అత్తగారి చేత మింగించాను. డాక్టర్ని అడిగే తెచ్చానని ఆవిడతో చెప్పాను. ఆవిడ నమ్మారు.

రెండు రోజులు తగ్గినట్టే తగ్గి, మూడో రోజు పళ్ళు టకటకలాడే చలితో జ్వరం తిరగబెట్టింది. అప్పుడు పరుగెత్తాం డాక్టరు దగ్గరికి. ఆయన మూత్రం కల్చరు పరీక్షకు పంపి, "అంతకుముందు ఏమైనా మందు వాడారా?" అని అడిగారు. నేను "లేదండీ" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. సిగ్గువల్ల కావచ్చు, ఆవిడ ఎదురుగా కూర్చుని ఉండడంవల్ల కావచ్చు.

కల్చరు అంటే ఏమిటో క్లుప్తంగా చెబుతాను. అది మనం పాలు తోడుపెట్టడం లాంటిదే. క్రిములకు ఇష్టమైన ఆహారాన్ని గాజుమూతలో గడ్డకట్టించి, దానిమీద నమూనా పూసి, వెచ్చగా ఉంచుతారు. తెల్లారేసరికి క్రిములు గుంపులుగా పెరుగుతాయి. తర్వాత వాటిని మళ్ళీ పరిచి, ఒక్కొక్క మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు అంటిస్తారు. బిళ్ళ చుట్టూ క్రిములు పెరగకుండా గుండ్రంగా ఖాళీ ఏర్పడితే ఆ మందుకు అవి లొంగుతాయన్నమాట. ఖాళీ లేకుండా బిళ్ళ అంచు దాకా పెరిగితే లొంగవన్నమాట. మూడో రోజు రిపోర్టు వచ్చింది. మందుల పేర్లు వరుసగా ఉన్నాయి. ఎదురుగా ఒకటి, రెండు చోట్ల తప్ప అన్నిచోట్లా "ఆర్‌" అనే అక్షరం. లొంగదు అని దానర్థం. మొదటి వరుసలోనే సిప్రోఫ్లోక్సాసిన్‌. "నోటితో మింగే మందు ఏదీ పనిచేసేట్టు లేదమ్మా. వారం రోజులు ఇంజెక్షన్లు, ఆస్పత్రిలోనే" అన్నారాయన.

ఆ వారం రోజులూ ఆస్పత్రిలో నాతో రాత్రుళ్ళు ఉండడానికి మా అక్క కూతురు హైదరాబాదు నుంచి వచ్చింది. అది సూక్ష్మజీవుల డి.ఎన్‌.ఏ. చదివే ప్రయోగశాలలో పనిచేస్తుంది. ఓ రాత్రి అత్తగారు నిద్రపోయాక దానికి నాలుగు మాత్రల సంగతి చెప్పేశాను. చెప్పి, "నేనే ఈ క్రిమిని తయారుచేశానా?" అని అడిగాను.

"నీ నాలుగు మాత్రలకు అంత శక్తి లేదు చిన్నమ్మా. అది నీ ఇంటికి రాకముందే ఆ విద్య నేర్చుకుని ఉంటుంది. నువ్వు లొంగేవాటిని చంపి, లొంగనివాటికి చోటు ఖాళీ చేసిపెట్టావు" అంది. ఓదార్చిందో, తిట్టిందో తెలియలేదు. "మరి ఆ విద్య ఎక్కడ నేర్చుకుంది?" అన్నాను. మిగతా ప్రసంగమంతా దానికి జవాబే.

నేను చదివింది పాతకాలపు బి.ఎస్సీ. పెళ్ళయ్యాక పుస్తకాలు అటకెక్కాయి. కాబట్టి అది నాకు ఎలా చెప్పిందో మీకూ అలాగే చెబుతాను. డి.ఎన్‌.ఏ. అంటే నాలుగు రంగుల పూసలు గుచ్చిన రెండు పేటల దండ అనుకోండి. ఏ, టి, జి, సి అని ఆ పూసలకు పేర్లు. ఒక పేటలో ఏ ఉంటే ఎదురు పేటలో టి, జి ఉంటే సి. ఈ జత ఎన్నడూ తప్పదు. పూసలు ఏ వరుసలో గుచ్చారన్న దాంట్లోనే ఉంది కిటుకంతా. పాలను పెరుగు చేసే విద్యా, మందును తప్పించుకునే విద్యా అన్నీ ఆ వరుసలోనే రాసి ఉంటాయి. మన పేగుల్లో ఉండే ఇ.కోలి అనే క్రిమి దండలో సుమారు 46 లక్షల పూసలు ఉంటాయి. పేజీకి రెండు వేల అక్షరాల చొప్పున అచ్చువేస్తే 2300 పేజీల పుస్తకం. కంటికి కనిపించని ప్రాణి అంత పుస్తకాన్ని పొట్టలో పెట్టుకు తిరుగుతోంది!

ఆ వరుసను చదివే పద్ధతిని ఇంగ్లండులో ఫ్రెడరిక్‌ శాంగర్‌ 1977లో కనిపెట్టాడు. ఆ ఏడే ఆయన బృందం ఒక వైరసు దండను పూర్తిగా చదివి ప్రకటించింది. అయిదు వేల పైచిలుకు అక్షరాలు, అంతే. 1980లో ఆయనకు నోబెల్‌ బహుమతి వచ్చింది, అదీ రెండోసారి. పూర్తిగా చదివిన మొట్టమొదటి బాక్టీరియా 1995లో, 18 లక్షల అక్షరాలు. మనిషిది 300 కోట్ల అక్షరాలు, 1990లో మొదలుపెడితే 2003 దాకా పట్టింది. ఇప్పుడో, ఒక బాక్టీరియాను చదవడం ఒకటి రెండు రోజుల పని, ఖర్చు కొన్ని వేల రూపాయలు. "అయితే మా ఇంటి పెరుగు తీసుకెళ్ళి చదివించవే" అన్నాను. "నీ పెరుగుకు నా ఆరు నెలల జీతం పెట్టను" అని నవ్వింది. కొన్ని వేలన్నది కదా, ఆరు నెలల జీతమేమిటని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. పెరుగులో ఉండేది ఒక్క బాక్టీరియా కాదట. ఒక్కొక్కదాన్నీ విడిగా తీసి చదవాలంటే అంతవుతుందని దాని లెక్క.

ఇంత వేగం ఎలా వచ్చిందంటే, దండను మొదటి నుంచి చివరిదాకా చదవడం మానేశారు. మన చిన్నతనంలో కిరాణాకొట్టువాడు చక్కెర, చింతపండు పాత వారపత్రికల కాగితాల్లో పొట్లం కట్టి ఇచ్చేవాడు గుర్తుందా? పొట్లం విప్పగానే అందులోని సీరియల్‌ ముక్క చదివేవాళ్ళం. కథ సరిగ్గా రసపట్టులో ఉండగా కాగితం చిరిగి ఉండేది! ఇప్పుడు ఊళ్ళో వందమంది ఒకే సంచికను కొట్టువాడికి అమ్మారనుకోండి. వాడు ఒక్కొక్క ప్రతిని ఒక్కొక్క చోట చింపుతాడు. ఆ పొట్లాలన్నీ పోగుచేస్తే, ఒక ముక్క చివర ఉన్న వాక్యం ఇంకో ముక్క మధ్యలో దొరుకుతుంది. అలా అతికించుకుంటూ పోతే సీరియల్‌ మొత్తం తిరిగి వస్తుంది. ఈనాటి యంత్రాలు చేసేది అదే. దండను లక్షల ముక్కలుగా తెంపి, అన్నిటినీ ఒక్కసారే చదువుతాయి. ఒక్కొక్క పూస ఎదురు జత చేరినప్పుడల్లా ఒక రంగు మెరుపు మెరుస్తుంది, కెమెరా ఆ మెరుపులను రాసుకుంటుంది. అతికించే పని కంప్యూటరుది. ఇంకో రకం యంత్రం అరచేతిలో పట్టేంత ఉంటుందట. అందులో దండను సూది బెజ్జంలోకి దారం ఎక్కించినట్టు సన్నని రంధ్రంలోంచి లాగుతారు. ఏ పూస దాటుతుంటే విద్యుత్తులో ఎంత మార్పు వస్తోందో చూసి అక్షరం పోల్చుకుంటారు.

దీనివల్ల మనకు ఒరిగిందేమిటి? కల్చరు చేసి చూడొచ్చు కదా? ఇక్కడే ఉంది అసలు విశేషం. పొలం మట్టిలోనూ చెరువు బురదలోనూ ఉండే సూక్ష్మజీవుల్లో నూటికి ఒకటి కూడా గాజుమూతలో పెరగదు. మనం పెట్టే తిండి వాటికి సయించదు. అంటే నూరేళ్ళపాటు శాస్త్రజ్ఞులు చూసింది నూటికి ఒక్కదాన్ని! ఇప్పుడు పెంచాల్సిన పని లేకుండా, బురదలోంచి ఉన్న డి.ఎన్‌.ఏ. అంతా తీసి ఏకంగా చదివేస్తారు. ఊళ్ళోని వారపత్రికలన్నీ కలిసిపోయిన పొట్లాలన్నమాట. చిక్కుముడే గాని, విప్పగలుగుతున్నారు. ప్రతి బాక్టీరియాలోనూ ఇంటిపేరు లాంటి ఒక జన్యువు ఉంటుంది. సుమారు 1500 అక్షరాలు. దాన్ని చూసి ఇది ఫలానా కుటుంబానిది అని చెప్పొచ్చని అమెరికాలో కార్ల్‌ వోస్‌ 1977 నాటికే చూపించాడు.

మా ప్రాంతపు ఉదాహరణ ఒకటి చెప్పి ముందుకెళతాను. జహీరాబాదు చుట్టుపక్కల ఆడవాళ్ళకు చేను పని, విత్తనం పని చేతిమీది పని. మాచనూరులో సంఘం మహిళలు 2008లో సొంత రేడియో పెట్టుకుని వాటి గురించే మాట్లాడుకున్నారు కూడా. కంది మొక్కను పీకి వేళ్ళు చూస్తే చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. గోటితో నొక్కితే లోపల గులాబీరంగు. అందులో కాపురముండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది, మొక్క దానికి తీపి పెడుతుంది. మన పప్పులో ఉన్న బలంలో చాలాభాగం ఆ ఇచ్చిపుచ్చుకోవడం నుంచి వచ్చిందే. ఈ బాక్టీరియాను పొడిగా పొట్లాల్లో అమ్ముతారు, విత్తనానికి పట్టించమని. కందికి నప్పేది చాలా నిదానంగా పెరిగే రకం. పొట్లంలో అదే ఉందో, ఇంకేదో మురికి పెరిగిందో రైతు కంటికి తెలియదు. ఇంటిపేరు చదివితే తెలిసిపోతుంది. మా దారిలోనే పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్‌ సంస్థ నాయకత్వాన 2011లో కంది మొక్క జన్యువులే మొత్తం చదివారు.

పటాన్‌చెరు అన్నాను కదా, ఇక అసలు సంగతికి వస్తాను.

జహీరాబాదు నుంచి హైదరాబాదు బస్సెక్కితే సదాశివపేట, సంగారెడ్డి చౌరస్తా, ఇస్నాపూర్‌ దాటి పటాన్‌చెరు. మా పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు అక్కడికి రాగానే కిటికీ మూసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళం. మందుల ఫ్యాక్టరీల వాసన. ఆ చుట్టుపక్కల రైతుల గోడు 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వాసన సంగతి అందరికీ తెలుసు గాని, వాసన లేనిదేదో ఆ నీళ్ళలో ఉందని 2007లో బయటపడింది. స్వీడన్‌ దేశపు శాస్త్రజ్ఞుడు లార్సన్‌, ఆయన తోటివాళ్ళు కలిసి, సుమారు తొంభై మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. శుద్ధి అయిన తర్వాతి నీరు సుమండీ! అందులో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్‌ ఉంది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల మందు అలా వాగులోకి పోతోందని లెక్కతేల్చారు. స్వీడన్‌ దేశం మొత్తం, తొంభై లక్షల మంది, అయిదు రోజుల్లో వాడే మందు అంతే. ఇవి ఆనాటి అంకెలు. నేను నా బిస్కెట్ల డబ్బాలో దాచింది అదే మందు, నాలుగు బిళ్ళలు.

2009లో వాళ్ళే దగ్గర్లోని చెరువుల్లోనూ ఊళ్ళ బావుల్లోనూ మందుల జాడలు చూపించారు. మరి ఆ నీళ్ళలోని క్రిములు ఏమైనట్టు? చచ్చిపోయి ఉంటాయి అనుకుంటాం మనం. 2011లో ఆ వాగు అడుగు బురదలోని డి.ఎన్‌.ఏ. అంతా ఏకంగా చదివితే, మందులను తప్పించుకునే జన్యువులు కుప్పలుగా కనిపించాయి. సిప్రోఫ్లోక్సాసిన్‌ జాతి మందులకే కాదు, వేరే రకాల మందులకు కూడా. 2014లో కాజీపల్లి చెరువు బురదను చదివారు. ఇది ఇప్పుడు మా సంగారెడ్డి జిల్లాలోదే. పోల్చడానికి స్వీడన్‌లో ఒక చెరువునూ చదివారు. తప్పించుకునే జన్యువులు అక్కడికన్నా ఇక్కడ దాదాపు ఏడు వేల రెట్లు. ఎనభై ఒక్క రకాలు.

సంఖ్య కన్నా నన్ను భయపెట్టింది ఇంకొకటి. ఆ జన్యువుల్లో చాలావాటి పక్కనే ఇల్లు మారే సాధనాలు ఉన్నాయి. బాక్టీరియాకు పెద్ద దండ కాక, చేతిగాజులా గుండ్రంగా చిన్న చిన్న దండలు కూడా ఉంటాయి. వాటిని ప్లాస్మిడ్‌లంటారు. వేడివేడి పులుసు గిన్నె గోడమీంచి పక్కింటికి అందిస్తామే, అలాగే ఒక బాక్టీరియా ఈ గాజును పక్కనున్న దానికి అందిస్తుంది. కులగోత్రాలు కూడా చూసుకోదు! బురదలోని అమాయకపు క్రిమి రోగం తెచ్చే క్రిమికి అందించగలదు. ఒక్కొక్క గాజులో నాలుగైదు మందులకు విరుగుళ్ళు కలిపి ఉండొచ్చు. మా అత్తగారి రిపోర్టులో వరుసగా "ఆర్‌"లు ఎందుకు పడ్డాయో అప్పుడు అర్థమయింది. కాజీపల్లి చెరువులో అలాంటి గాజులు తెలిసినవి 26, అంతకుముందు ఎవరూ చూడనివి 21 దాకా లెక్కకొచ్చాయి. గాజుమూతలో పెంచే పద్ధతినే నమ్ముకుని ఉంటే వీటిలో ఎన్ని కంటపడేవి?

అంటే మా అత్తగారి క్రిమి ఆ చెరువులోంచే వచ్చిందని కాదు. మా అక్క కూతురు ఈ మాట మూడుసార్లు చెప్పింది నాతో. డి.ఎన్‌.ఏ. చదివితే ఫలానా జన్యువు అక్కడ ఉందని తెలుస్తుంది, అది ఏ దారిన ఎవరింటికి నడిచి వెళ్ళిందో తెలియదు. చచ్చిన క్రిమిదో బతికున్నదానిదో కూడా ఒక్కోసారి తెలియదు. ఆ విద్య నేర్చుకునే బడులు చాలా ఉన్నాయి. ఫ్యాక్టరీ నీరు ఒక బడి, ఆస్పత్రి మురుగు ఒక బడి, కోళ్ళకు పెట్టే మందు ఒక బడి, మన మందుల డబ్బా ఒక చిన్న బడి. ఫ్యాక్టరీని చూపించి నా డబ్బాను నేను మరిచిపోలేను. నా డబ్బా గురించి నాకు బుద్ధిచెప్పి ఫ్యాక్టరీ సంగతి ఊరుకుంటే అదీ ఒప్పుకోను. ఆడవాళ్ళకు పొదుపు పాఠాలు, శుభ్రత పాఠాలు చెప్పడం అందరికీ సులువే. 2020 జనవరిలో ఫ్యాక్టరీలు వదిలే నీటిలో ఏ యాంటీబయాటిక్‌ ఎంతకు మించకూడదో కేంద్ర ప్రభుత్వం ముసాయిదా తయారుచేసింది. 2021 ఆగస్టులో వచ్చిన ఖరారు ఉత్తర్వులో ఆ హద్దులు లేవు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయంమీదే మార్గదర్శకాలు ప్రకటించింది.

ఇంట్లో మన చేతిలో ఉన్నది ఒకటి చెబుతాను. మాత్రల పట్టీ వెనక నిలువుగా ఒక ఎర్రగీత ఉంటే అది డాక్టరు రాయనిదే కొనకూడని మందు. 2016లో ప్రభుత్వం దీన్ని గురించి ప్రచారం మొదలుపెట్టింది. నా డబ్బాలోని పట్టీమీద కూడా ఆ గీత ఉంది. అందం కోసం వేశారనుకున్నాను.

ఈ చదువు మంచికీ పనికొస్తోంది, అది చెప్పకపోతే అన్యాయం. క్షయ క్రిమి మహా నిదానస్థురాలు. కల్చరులో పెరగడానికే వారాలు పడుతుంది. ఈలోగా ఏ మందు పనిచేస్తుందో తెలియక రోగి నలిగిపోవాలి. దాని 44 లక్షల అక్షరాలు 1998లో చదివారు. ఏ అక్షరం మారితే ఏ మందుకు లొంగదో చాలావరకు తెలుసు గనక, ఇప్పుడు కఫంలోంచే ఆ అక్షరాలు చదివి రోజుల్లో చెప్పొచ్చు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని సిఫారసు చేసింది. మన హైదరాబాదు సి.సి.ఎం.బి.లో కరోనా రోజుల్లో వైరసు ఏ వేషం మార్చిందో కనిపెట్టింది కూడా ఈ చదువుతోనే. ఇంకా చిత్రమేమిటంటే, జన్యువులను కత్తిరించే కత్తెర అంటూ ఈమధ్య పేపర్లలో వస్తోందే, క్రిస్పర్‌ అని, అది బాక్టీరియాకు వైరసుల నుంచి రక్షణ కోసమేనని 2007లో రుజువు చేసి చూపింది పెరుగు తోడులో ఉండే బాక్టీరియాలోనే! ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో ఇది విన్నప్పటి నుంచి, తోడువేసేటప్పుడు గిన్నెకేసి ఒక్క క్షణం చూస్తూ ఉంటాను.

అత్తగారు ఎనిమిదో రోజు ఇంటికి వచ్చారు. ఇప్పుడు బాగున్నారు, జొన్నరొట్టె తనే చేసుకుంటున్నారు. తర్వాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు నేను డాక్టరుగారితో, ఆవిడ బయట కూర్చుని ఉండగా, జరిగింది చెప్పాను. ఆయన కోప్పడలేదు. కాగితంమీద తేదీ వేసి మందు పేరు, ఎన్ని మాత్రలో రాసుకున్నారు. "ఇది అప్పుడే చెప్పి ఉంటే రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా వేరే మందు మొదలుపెట్టేవాణ్ణమ్మా" అన్నారు, అంతే. మూడు రోజులు. ఆ వయసులో ఆవిడ ఆ చలికి వణికిన మూడు రోజులు.

డబ్బా ఖాళీ చేశాను, ఇప్పుడందులో పిన్నీసులూ బొత్తాలూ ఉన్నాయి. మా అత్తగారు ఈ వేళప్పుడు వంటింటి గట్టుమీద రేడియో పెట్టుకుని ఈ కార్యక్రమం వింటూ ఉంటారు. కోడలు మాట్లాడుతోందని పక్కింటావిణ్ణి కూడా పిలిచి ఉంటారు. ఆ మాత్రలు డాక్టర్ని అడిగి తెచ్చినవి కావన్న సంగతి ఆవిడకు తెలియడం ఇప్పుడే.

సాయంత్రానికి ఇంటికి వస్తున్నానత్తయ్యా. సెలవు.